పాత బంగళాలో మడిచిన ఆకు

మా చిన్నప్పుడు అన్నం గేటు దాటకూడదు... మలాయా దేశంలో, బాగన్ దాతుక్ దగ్గర కొబ్బరి ఎస్టేటులో మా ఇళ్ళన్నిటి చుట్టూ ముళ్ళకంచె. దొరల మీద తిరగబడి అడవిలో తుపాకులు పట్టుకున్న వాళ్ళకి తిండి అందకూడదని తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీ రూలు. పనికెళ్ళేవాళ్ళ సంచులు కూడా తడిమి చూసేవారు.

కంచె బయట కూలిపోయిన దొర బంగళా ఉండేది. గోడలు పోయి, పువ్వుల పలకల గచ్చు మిగిలింది. ఆ గచ్చు మీదే మావాళ్ళు ఇటుకకి పసుపు రాసి అమ్మోరిని నిలుపుకున్నారు.

తమ్ముడికి అమ్మోరు పోసింది... ఒళ్ళంతా పొక్కులు. తగ్గాక అమ్మోరికి చల్ది పెట్టాలి. పెరుగన్నం.

"కంచె దాటి మెతుకు తీసుకెల్తే సిపాయిలు ఊరుకోరమ్మా," అన్నాడు నాన్న.

"మరి అమ్మోరు కంచె లోపలికొస్తాదేటి?" అంది నాయనమ్మ.

అన్నం అరిటాకులో చుట్టి రొంటిన దోపుకుని, నా చెయ్యి పట్టుకుని బయల్దేరింది. ముసలమ్మని ఎవరూ తడమలేదు.

గచ్చు మీద ఆకు పరిచి దణ్ణం పెట్టుకున్నాం. అక్కడ ఒక్క కాకి కూడా అరవలేదు... నాకెందుకో వెనక్కి తిరిగి చూడబుద్ధి కాలేదు.

మర్నాడు వెళ్ళి చూస్తే ఒక్క మెతుకు లేదు. ఆకు మడిచి ఉంది... మనం భోంచేసి లేచేటప్పుడు మడుస్తామే, అలా.

నాయనమ్మ మురిసిపోయింది. "అమ్మోరు తిని ఆకు మడిసినాది!" అని ఇంటింటికీ తిరిగి చెప్పింది. నాన్న మొహంలో నెత్తురుచుక్క లేదు. అది తిన్నది మనిషని ఆయనకి తెలిసిపోయింది.

సాయంత్రానికి సిపాయిల లారీ వచ్చింది. అన్నం పెట్టిందెవరని అడిగారు. నాయనమ్మ నోరు తెరిచేలోపే నాన్న ముందుకెళ్ళాడు.

"నేనే పెట్టినాను."

అదే ఆయన గొంతు ఆఖరుసారి వినడం.

మెర్దేకా, అదే స్వాతంత్ర్యం, వచ్చింది... ఎస్టేటంతా జెండాలు, మిఠాయిలు. నాయనమ్మ మాత్రం గేటు దగ్గరే కూర్చుంది. తర్వాత కంచె కూడా పీకేశారు. నాన్న రాలేదు. ఎక్కడికి తీసుకెళ్ళారో ఇప్పటికీ మాకు తెలీదు.

మొన్న మనవరాలి కారులో వెళ్ళాను. బంగళా ఇప్పుడు కాపాడాల్సిన పాత కట్టడమట. గచ్చు శుభ్రంగా కడిగారు. పసుపు ఇటుక లేదు. చుట్టూ మళ్ళీ కంచె, గేటు, మలాయి భాషలో బోర్డు.

మనవరాలు చదివింది. "అమ్మమ్మా, లోపలికి తిండి తీసుకెల్లకూడదంట."

నవ్వు రాబోయి ఏడుపొచ్చింది. ఆ గేటు దగ్గరే నిలబడిపోయాను...

మీ ఇళ్ళల్లో ఇప్పుడు చల్ది ఎక్కడ పెడుతున్నారో చెప్పండి. మొన్న ఆ గేటు దగ్గర నా రొంటిన ఉన్న పెరుగన్నం మాత్రం అమ్మోరికి కాదు... నాన్నకి.