గళ్ల దుప్పటి

డిసెంబరు పొద్దున బ్రూక్‌ఫీల్డ్ వెళ్లే సిటీ బస్సెక్కాను. కాళ్ల దగ్గర, క్రిస్మస్‌కు పంచి రమ్మని మా చర్చివాళ్లు అప్పజెప్పిన దుప్పట్ల సంచి. పక్క సీట్లో ఒకామె. ఆమె ఒళ్లోనూ దుప్పట్లే, మావాటి లాంటి గళ్లవే. అనంతపురం వైపు నుంచి కాంక్రీటు పనికి వచ్చిందట. బిల్డింగు పూర్తయిందని వాళ్లుండే రేకుల షెడ్డు ముందురోజే పీకేశారట.

"క్రిస్మస్ వస్తే అందరూ దుప్పట్లే ఇస్తారప్పా. పరుచుకునేదానికి జాగా యాడుండాది?" అంది. మళ్లీ తనే, "మీ అపార్ట్‌మెంట్ కాడ వాచ్‌మన్ రూమేమన్నా ఖాళీ ఉండాదా? పిల్లోల్లు ఇద్దరు" అని అడిగింది.

"లేదమ్మా" అన్నాను. అడిగి చూస్తానని చెప్పడానికైనా నోరు రాలేదు. మా అసోసియేషన్‌వాళ్లు ఏమంటారో నాకు తెలుసు.

మూతపడని కిటికీలోంచి చలిగాలి కొడుతోంది. నేను వణకడం చూసి, ఆమె ఒక దుప్పటి విప్పి నా మోకాళ్ల మీద కప్పింది. వద్దనబోయేసరికి ఆమె స్టాపు వచ్చింది.

"ఉండనీప్పా, మాకు ఇంకా ఉండాయి" అంటూ దిగిపోయింది.

దుప్పట్లు పంచడానికి బయల్దేరినవాణ్ణి, ఇంకో దుప్పటితో దిగాను.