రాళ్ళ మీదికి గుండుతల

మా పాపకు గాలం కొందామని గుంతకల్లులో ఒక అంగడికి వెళ్ళాను. సీసం తలల గాలాలు వరసగా వేలాడుతున్నాయి.

"యా చెరువుకక్కా? అడుగున రాళ్ళా, బురదా?" అన్నాడు అంగడతను.

ఒకటి చేతిలోకి తీసుకోగానే సీసం వాసనకు నాయన గుర్తొచ్చాడు. ఆయన సీసం కరిగించి, మట్టి అచ్చుల్లో పోసి గాలాలకు గుండ్రటివీ, మొనదేలినవీ తలలు చేసేవాడు.

"రాళ్ళ మీదికి గుండుతల. మొనతలైతే సందులో ఇరుక్కుంటాది. దాన్ని తుమ్మకంపల్లోకి ఏయల్ల" అనేవాడు.

మా ఊరి చెరువులో ఏ రాయి ఎక్కడుందో నాకూ తెలుసు. ఏళ్ళ తరబడి ఎండిన ఆ చెరువులోనే మా మేకలు మేసేవి, నేను ఆడుకునేదాన్ని. అందుకే అది మాదే అనుకున్నాను.

ఒక ఏడు చెరువు నిండింది. నాయన నన్నే గాలం ఎంచమన్నాడు. గుండుతల తీశాను. రాళ్ళున్న చోటికే విసిరాడు. అంతలో కాపలాతను వచ్చి దారం తెంపేశాడు.

"చెరువు వేలంలో పాడుకున్నారు, చేపపిల్లల్ని ఇడిసినారు. ఈడ గాలం ఏసేదానికి లేదప్పా, లెయ్యి."

"మన చెరువే కదా నాయనా?" అన్నాను. నాయన ఖాళీ కర్ర భుజాన వేసుకుని నడిచాడు. మళ్ళీ ఎన్నడూ సీసం కరిగించలేదు.

అంగడతను ఇంకా నా జవాబు కోసం చూస్తున్నాడు.

"రాళ్ళే" అన్నాను.

ఎండినన్నాళ్ళూ ఆ చెరువు ఎవరిదని మమ్మల్ని ఎవరూ అడగలేదు.