నేను మాన్పించిన ఉపారం

వంటింట్లో చెంబు కిందపడింది. మామూలుగా అయితే అత్తమ్మ ఆ చెంబును కూడా నాలుగు తిట్లు తిట్టేది. ఆ సోమవారం మధ్యాహ్నం తిట్టు వినిపించలేదు. ఏళ్లుగా నేను మోస్తున్నది ఆ నిశ్శబ్దాన్నే. ఈ రాత్రి పిల్లలు పడుకున్నాక ఇది రాస్తున్నాను. ముఖం తెలియని మీకైతే చెప్పగలననిపించింది.

నేను కరీంనగర్‌లో బయోటెక్నాలజీ చదివాను. ఒకసారి మా కాలేజీకి కణాల మీద పరిశోధన చేసే మేడమ్ ఒకరు వచ్చారు. ఆకలి వేళ కణం తనలో పాడైన భాగాలను తానే కరిగించుకొని మళ్లీ వాడుకుంటుందని, దాన్నే ఆటోఫేజీ అంటారని, ఆ పని కుంటుపడితే మెదడు జబ్బుల వంటివి రావచ్చని చెప్పారు. తెర మీద ఆకుపచ్చగా మెరిసే చుక్కలు చూపించారు. నేను కళ్లార్పకుండా చూశాను. చివర్లో ఆమె ఇంకో మాట అన్నారు. ఇదంతా ప్రయోగశాలలో కణాల్లో, ఎలుకల్లో చూసింది. మందులు వాడేవాళ్లు, ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్లు, దీన్ని నమ్ముకొని పస్తులుండొద్దు. ఆ మాట నాకు వినపడింది. స్పష్టంగా వినపడింది.

పెళ్లయి మంథని వచ్చాక నా చదువు ఎవరికీ పట్టలేదు. అత్తమ్మకు షుగర్. అయినా సోమవారం ఒక్కపొద్దు ఉండేది. అన్నం రాత్రికే. మధ్యలో ఉపారం పేరుతో ఇన్ని అటుకులో, పాలో. ఒకరోజు నేనే కల్పించుకున్నాను.

“అత్తమ్మా, గా ఉపారం గూడ మానేయుండ్రి. కడుపు ఖాళీగుంటె ఒంట్లున్న చెత్తంత కణాలే తినేస్తయట. పెద్ద సైంటిస్టు చెప్పింది.”

“గట్లనా? నా ఒంట్లె చెత్త తినెటాల్లకు వాటికే అరగదు బిడ్డా!” అని నవ్వింది. “మరి షుగర్ గోలి?”

“గోలి ఏస్కోండ్రి.”

“సరే తీయ్. సదువుకున్నదానివి, నీకంటె నాకెరుకనా?”

ఆ చివరి మాట వినడానికే కదా నేను అంతా చెప్పింది? మేడమ్ హెచ్చరిక కూడా చెబితే నా మాటకు బరువు తగ్గుతుందనే కదా దాచుకున్నది?

చెంబు కిందపడ్డ ఆ సోమవారం, ఖాళీ కడుపు మీద గోలి పనిచేసి అత్తమ్మకు షుగర్ పడిపోయింది. కళ్లు తిరిగి పడ్డప్పుడు తుంటి ఎముక విరిగింది. ఆస్పత్రిలో డాక్టర్ ఏం తిన్నదని అడిగితే, “ఒక్కపొద్దు సార్” అన్నాను. అబద్ధం కాదు. అందుకే మరీ నీచం. మస్కట్‌లో ఉండే మా ఆయన వీడియో కాల్‌లో తల్లి మీద అరిచాడు: “నీ ఒక్కపొద్దుల పిచ్చి పాడుగాను అవ్వా! ఉపాసముండి సావుమని నీకెవలు చెప్పిండ్రే?”

అత్తమ్మ నా వైపు ఒకసారి చూసింది. “నాదే తప్పు కొడుకా” అంది.

నన్ను కాపాడిందా? చెప్పింది నేనన్న సంగతే మరిచిపోయిందా? ఎన్నడూ అడగలేదు. ఏ జవాబైనా నాకు భయమే. ఇప్పటికీ ఆమె వాకర్ పట్టుకొనే నడుస్తుంది.

ఇవాళ చుట్టాలు వచ్చారు. వాళ్ల ముందు నా కొడుకు, “మా బాపమ్మకు తెల్వి లేదు. తినకుంట ఉండి కాలు ఇరగ్గొట్టుకున్నది” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె ఎముక ఒక్కసారే విరిగింది. ఆమె పరువు మాత్రం నేను నోరు మూసుకున్నన్నాళ్లూ, ఆమె ఇంట్లోనే, ఆమె మనవల నోటే పోతూ ఉంది. ఇది రాసినంత మాత్రాన నా తప్పు మాసిపోదు. ఊపిరి మాత్రం కొంచెం ఆడుతోంది.

రాత్రి ఇక్కడిదాకా రాసి ఆపాను. తెల్లారింది. పిల్లలిద్దరికీ టిఫిన్ పెడుతూ, పక్కన కూర్చున్న అత్తమ్మకు వినపడేలా చెప్పాను: “బాపమ్మను తినొద్దన్నది నేనే. షుగరున్నోళ్లు అట్ల చెయ్యొద్దని తెలిసి గూడ చెప్పిన.”

నా కూతురు తినడం ఆపింది. “మరి అందరు బాపమ్మను తిడ్తుంటె నువ్వేం అనలేదా?”

“అనలే” అన్నాను. “నన్ను తిడ్తరని భయపడ్డ.”