కదలని జీపులో కాశీదాకా

మా చిన్నప్పుడు ఒక వానాకాలమంతా మా సాయంత్రాలు జీపులోనే గడిచాయి... అంగుళం కూడా కదలని జీపులో!

వరంగల్ దగ్గర చిన్న ఊరు మాది. బాపుకి ఒక పాత అమెరికా జీపు ఉండేది. యుద్ధమయ్యాక ఆ దేశపు సైన్యం వదిలేసి వెళ్తే, చేతులు మారి మారి మా వాకిట్లోకి వచ్చింది. దాంట్లోనే జనాన్ని అంగడికి తిప్పేవాడు. "జర్మనోళ్ళ మీదికి పోయిన బండి బిడ్డా ఇది" అని మీసం దువ్వేవాడు. నిజమో కాదో దేవుడికెరుక... ఆయన కూతురు ఆ జర్మనీలోనే వచ్చి పడుతుందని అప్పుడెవరికి తెలుసు!

ఒకరోజు వాగు దగ్గర దిగుడులో బ్రేకులు పడలేదు. జీపు పొలంలో బోల్తా కొట్టింది. జనమంతా దిగిపోయాక కాబట్టి సరిపోయింది. బాపు భుజం ఎముక విరిగింది.

రెండు నెలల్లో ఎముక అతుక్కుంది. మెకానిక్ జీపును బాగుచేసి వాకిట్లో పెట్టాడు. కానీ స్టీరింగ్ ముట్టుకుంటే చాలు, బాపు చేతులు గజగజ వణికేవి.

ఊరంతా సలహాలే... దిష్టి అన్నారు, బండి అచ్చిరాలేదన్నారు, పాత ఇనుముకు అమ్మెయ్యమన్నారు. మగాడివై ఉండి భయమేంటని నవ్వినవాళ్ళూ ఉన్నారు. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది నాకు! చివరికి బాపు కూడా అమ్మేద్దామనే అన్నాడు.

అమ్మ ఒప్పుకోలేదు. "నడుపుమంటలేనయ్యా... ఉత్తగ కూసో. నేను పక్కన కూసుంట" అంది.

అంతే. రోజూ పొద్దుగూకే ముందు బాపు స్టీరింగ్ ముందు, పక్కన చాటలో చిక్కుడుకాయలు తుంచుకుంటూ అమ్మ, వెనక ఎక్కాలు చదువుకుంటూ నేనూ చెల్లీ... మొదట్లో బాపు చేతులు ఒళ్ళోంచి తీసేవాడే కాదు. అమ్మ ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు.

ఎదురింటి కిరాణా మల్లయ్య ఊరుకుంటాడా! "ఏం వదినా, ఇయ్యాల ఏడిదాంక పోయొచ్చిండ్రు?" అని దుకాణంలోంచి కేకేశాడు. అక్కడున్నవాళ్ళంతా పకపకా నవ్వారు.

అమ్మ తల కూడా ఎత్తలేదు. "కాశీదాంక పోయొచ్చినం మల్లన్నా. ఎన్క సీటు ఖాళీగుంది, రేపు నువ్వు గూడ రా!"

వానలు తగ్గాయి... ఒక సాయంత్రం బాపు చెప్పాపెట్టకుండా తాళం తిప్పాడు. జీపు కిర్రుమని ఆగిపోయింది. నెలల తరబడి నిలబడి బ్యాటరీ చచ్చిపోయింది మరి! చేతులు వణుకుతూనే ఉన్నాయి, అయినా బాపు దిగలేదు. "జర తోయిండ్రి" అని వీధిలోకి కేకేశాడు.

అందరికంటే ముందు లుంగీ ఎగ్గట్టి వచ్చింది మల్లయ్యే. వీధి వీధంతా తోసింది. జీపు దగ్గి, పొగ కక్కి, కదిలింది... అమ్మ చాటలో కాయలన్నీ మా మీద పడ్డాయి.

ఇప్పుడిదంతా ఎందుకంటే...

మొన్న చలికాలం ఇక్కడ డ్రెస్డెన్ బయట మంచు మీద నా కారు జారి రెయిలింగ్‌కి కొట్టుకుంది. నా ఒంటి మీద గీత కూడా పడలేదు. కారు బాగై వచ్చింది, నేనే బాగవలేదు. స్టీరింగ్ పట్టుకుంటే అరచేతుల్లో చెమటలు... డాక్టరమ్మ క్రాంక్‌ష్రైబుంగ్, అంటే సెలవు చీటీ, రాసిచ్చి రెండు వారాలు ఆఫీసుకి వెళ్ళొద్దంది. "ట్రామ్ ఉంది కదా, కారెందుకు?" అన్నారు ఫ్రెండ్స్. "ఎవరికీ చెప్పకే, పిచ్చి అనుకుంటరు" అంది ఫోన్లో మా పెద్దమ్మ.

చెప్తాను పెద్దమ్మా! ఇదిగో, లోకమంతటికీ చెప్పేశాను. మా బాపు చేతులు వణికాయి, నావీ వణుకుతున్నాయి. నేనైతే సిగ్గుపడను.

నెల రోజులుగా రోజూ పార్కింగ్‌లో కారెక్కి కూర్చుంటున్నాను. పక్కన ఆరేళ్ళ నా కూతురు, దాని చేతిలో సకినాలు. "మామా, ఫారెన్ వియర్ హోయ్‌టె?" అంటుంది... అమ్మా, ఇవాళ బయల్దేరతామా అని. "ఉత్తగ కూసో బిడ్డా" అంటాను. నా నోట్లోంచి అమ్మ గొంతే వస్తుంది.

ఇవాళ గేటుదాకా వెళ్ళాం. ముప్పై అడుగులు ఉంటుందేమో! వణుకుతూనే వెళ్ళాం. రేపు రోడ్డెక్కుతాం... రేపు కాకపోతే ఎల్లుండి!

ఈ కారుకి బటన్ నొక్కితే చాలు, తోసేవాళ్ళతో పనిలేదు. కానీ ఆ సాయంత్రం మా జీపు వెనక పడ్డ అన్ని చేతులు... నవ్వినవాళ్ళవే, తోసిందీ వాళ్ళే... అలాంటి వీధి ఇప్పుడు ఎక్కడుంది?

మీ ఇంట్లో ఎవరి బండి ఎక్కడ ఆగిపోయింది? పక్కన ఎవరు కూర్చున్నారు? దాచుకోకండి, రాయండి... మా వెనక సీటు ఖాళీగానే ఉంది.