దాపటిది ఆగింది

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. సర్వే శాఖలో పని చేసినవాణ్ణి. కంటితో చూసింది, గొలుసుతో కొలిచింది తప్ప నా డైరీలో వేరే మాట రాయలేదు. ఇదొక్కటే తప్ప.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో సంగతి. మా అక్కను ఇచ్చిన ఊరు సుల్తానాబాద్. బావ బట్టల సేటు దగ్గర గుమాస్తా. సేటు పని మీద బావ నాగపూర్ పోయాడు. రైల్లోనే వస్తాడని అందరం అనుకున్నాం.

ఆ మధ్యాహ్నం నేను వాళ్లింట్లోనే ఉన్నాను. వాకిట్లో పసుపు కొమ్ములు ఎండబోస్తున్న అక్క ఉన్నట్టుండి తల ఎత్తింది.

"తమ్మీ, గాలిమోటర్ చప్పుడు ఇనవడుతుందా? దాపటిది ఆగింది."

బండికి ఎడమ వైపు కట్టే ఎద్దును మా దిక్కు దాపటిది అంటారు, కుడి వైపుదాన్ని వలపటిది అంటారు. ఆకాశంలో ఏ విమానమూ లేదు. నాకు ఏ చప్పుడూ వినపడలేదు.

"గాలిమోటర్‌కు గూడ ఎడ్లు కట్టిండ్రా అక్కా?" అని నవ్వాను.

ఆమె నవ్వలేదు. "వలపటిదొక్కటే గుంజుతుంది. ఎనుకకు మళ్లిస్తుండు" అన్నది. తర్వాత, "మీ బావ దిగిండు" అని, కాళ్లు కడుక్కోవడానికి చెంబుతో నీళ్లు తెచ్చి గడప బయట పెట్టింది.

మర్నాడు టెలిగ్రాం వచ్చింది. సేటు తొందరపెట్టి బావను విమానం ఎక్కించాడట. అది ఆ మధ్యాహ్నమే ఆదిలాబాద్ అడవుల్లో కూలింది.

నేనే పోయాను. మాడిన టేకు చెట్ల మధ్య బావ సంచి దొరికింది. మిగిలిన అందరి శవాలూ దొరికాయి. బావది దొరకలేదు.

అక్క పెదమామ అరుగు మీద కూర్చుని, "గాజులు తియ్యాలె బిడ్డా. ఊరోళ్లు ఏమంటరు?" అన్నాడు.

"దిగిండని చెప్పిన గద మామా. దిగినోనికి ఎవరన్న కర్మ చేస్తరా?"

నువ్వైనా చెప్పమని అందరూ నా వైపు చూశారు. గాజులు అట్లాగే ఉండిపోయాయి.

కొన్నాళ్లకు విచారణలో తేలింది. ఎడమ ఇంజను చెడి ఆగింది. పైలట్ వెనక్కి తిప్పాడు. ఒక్క కుడి ఇంజను బరువు మోయలేకపోయింది. విమానానికి రెండు ఇంజన్లుంటాయని అప్పటిదాకా నాకే తెలియదు. అక్క విమానాన్ని దగ్గర నుంచి చూసిందే లేదు.

బతికినన్నాళ్లూ పొద్దుగూకగానే గడప బయట నీళ్లు పెట్టింది. చివరికి గాజులతో, బొట్టుతోనే సాగనంపాం.

ఆమెకు ఎడమ ఇంజను సంగతి ఎట్లా తెలిసిందో నేను చెప్పలేను. ఇప్పటికీ బావ పేరు ముందు 'కీర్తిశేషులు' అని రాయబోతే నా కలం ఆగిపోతుంది.