లైబ్రరీ నుంచి ప్రిన్సిపాల్ గారి ప్రింటరుకు దారి

అమలాపురం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నెట్‌వర్కు చూసుకునే ఉద్యోగం నాది. కాలేజీ మొత్తానికి సరిగా పనిచేసే ప్రింటరు ఒక్కటే. అది ప్రిన్సిపాల్ గారి గదిలో, ఆయన కుర్చీ పక్కనే ఉండేది. కంప్యూటర్లన్నీ ఒకే నెట్‌వర్కులో ఉండడంతో ల్యాబులో పిల్లలు సరదాకి ఏదో ఒకటి నొక్కేవారు. ఆయన పక్కన సినిమా హీరో బొమ్మ బయటికొచ్చేది. ఒకరోజు హీరోకి బదులు ఆయన బొమ్మే వచ్చింది, కొమ్ములతో.

వెంటనే నన్ను పిలిపించారు.

“ఏవయ్యా, ఆ పిల్లలకీ నాకూ మధ్య గోడ కట్టెయ్. ఇవాళే.”

కంప్యూటర్లన్నిటినీ కలిపే స్విచ్ అనే పెట్టెలో గోడ కట్టడం తేలికే. ఉన్న ఒక్క స్విచ్‌నీ లోపల మూడు విడి నెట్‌వర్కులుగా చీల్చాను. ఆఫీసుకొకటి, లైబ్రరీకొకటి, ల్యాబులకొకటి. వీటినే వీలాన్‌లంటారు. తీగలన్నీ ఒకే పెట్టెలోకి వచ్చినా, ఒక వీలాన్‌లోని కంప్యూటరుకి పక్క వీలాన్‌లో ఏముందో కనబడదు. కొమ్ములు ఆగిపోయాయి. ప్రిన్సిపాల్ గారు నాకు టీ ఇప్పించారు.

మర్నాడే లైబ్రేరియన్ గారు వచ్చారు. యాభై దాటిన మనిషి. చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. గొంతు పెంచి మాట్లాడగా ఎవరూ వినలేదు.

“ఏవండీ, నా కాగితం రావట్లేదండి.”

“లైబ్రరీ వేరే వీలాన్‌లో పడిందండి. మధ్యలో దారి వెయ్యాలి.”

“ఆయ్. నిదానంగానే వెయ్యండి. నేను నొక్కుతూ ఉంటాలెండి.”

ప్రిన్సిపాల్ గారిని అడిగితే విసుక్కున్నారు. “గోడ కట్టమన్నాను గానీ గుమ్మం వద్దన్నానా? పెట్టు.”

మా స్విచ్‌కి ఒక వీలాన్ నుంచి ఇంకో వీలాన్‌కి దారి చూపించడం కూడా వచ్చు. ఒక్కో వీలాన్‌కి ఒక్కో గేటు చిరునామా ఇచ్చాను. బయటికి వెళ్ళేదేదైనా ఆ గేటుకి అప్పజెప్పమని కంప్యూటర్లకి చెప్పాను. ఒక్క కాగితమూ కదల్లేదు. తీగలు మార్చాను. స్విచ్ ఆపి మళ్ళీ వేశాను. నిమ్మకాయ కూడా కట్టాను, ఎవరూ చూడకుండా. లైబ్రేరియన్ గారు రోజూ అటుగా వెళుతూ “వచ్చిందాండీ?” అనడం, నేను తల అడ్డంగా ఊపడం.

చివరికి తట్టింది. గేట్లయితే పెట్టాను గానీ, వాటి మధ్య రాకపోకలు నడిపించమని స్విచ్‌కి చెప్పనేలేదు. దానికో ఆజ్ఞ ఉంది, ఒకే ఒక్క లైను. ప్రిన్సిపాల్ గారి గది పక్కనే, అద్దాల తలుపు వెనక కూర్చుని, ఆనందం పట్టలేక అది టైపు చేసేశాను. అదే సమయానికి ఆయన గదిలో కాలేజీని చూడవచ్చిన తనిఖీ బృందం కూర్చుని ఉంది.

ప్రింటరు దొరకనంత మాత్రాన నొక్కిన కాగితం ఎక్కడికీ పోదు. కంప్యూటరులోనే వరసలో నిలబడుతుంది. లైబ్రేరియన్ గారు ఇన్నాళ్ళూ నొక్కినవన్నీ ఒక్కసారిగా బయల్దేరాయి.

బృందానికి పెద్దగా కాకినాడ నుంచి ఒకావిడ వచ్చారు. కళ్ళజోడు మీదుగా చూసే రకం. తన కోసమే అనుకుని మొదటి కాగితం తీసి పైకి చదివారు.

“‘రొయ్యల తల తీసి, వీపు మీద నరం లాగి, పసుపూ ఉప్పూ రాసి పక్కన పెట్టవలెను.’ ఏంటండీ ఇది?”

“ల్యాబ్ మాన్యువల్ అండి,” అనేశారు ప్రిన్సిపాల్ గారు.

“ఏ బ్రాంచీ?”

కాగితాలు వస్తూనే ఉన్నాయి. మధ్యలో ల్యాబు నుంచి కూడా ఒకటి వచ్చింది, కొమ్ములతో. ప్రిన్సిపాల్ గారు దాన్ని లాక్కుని దాని మీద కూర్చున్నారు.

“ఆపవయ్యా!” అని నా వైపు అరిచారు.

ఇచ్చిన ఆజ్ఞ వెనక్కి తీసుకున్నాను. కానీ అప్పటికే ప్రింటరు కడుపులోకి చేరినవి ఆగవు కదా. ఆయన కాగితాల ట్రే ఊడబీకారు. ప్రింటరు కీచుమని ఏడుపు లంకించుకుంది. భయపడి మళ్ళీ పెట్టారు. మళ్ళీ రొయ్యలు.

పెద్దావిడ మాత్రం చదవడం ఆపలేదు. “చింతచిగురు చివర్లో వెయ్యమన్నారేంటి? ముందే నూనెలో మగ్గద్దా? ఇది రాసినావిడని పిలవండి.”

లైబ్రేరియన్ గారు వచ్చి, కాగితాల కుప్ప చూసి చెంపలు పట్టుకున్నారు. “అమ్మయ్య, వచ్చేశాయండి! ఆదివారం మా సమాజం వాళ్ళకి పంచుదామనండి.”

“చిగురు ముందే వెయ్యాలమ్మా.”

“ముందే వేస్తే పులుపు చచ్చిపోద్దండి.”

“మా ఇంట్లో ముందే వేస్తాం.”

“అయితే మీరింకా పులుపు తినలేదన్నమాటండి,” అన్నారు లైబ్రేరియన్ గారు, అంతే మెత్తగా.

అదృష్టం కొద్దీ ఆ రోజు లైబ్రేరియన్ గారి క్యారేజీలో ఉన్నది ఆ కూరే. తెప్పించారు. పెద్దావిడ ఒక ముద్ద తిని కళ్ళు మూసుకున్నారు. మిగతా సభ్యులు ప్లేట్ల కోసం చుట్టూ చూశారు. వెళ్ళేటప్పుడు, “ఒక గదిలో నొక్కితే ఇంకో గదిలోకి వస్తోంది, నెట్‌వర్కు బాగుంది,” అని ఆవిడే నాతో అన్నారు. నేను తల వంచుకుని మెప్పు స్వీకరించాను.

ఆ సాయంత్రమే దారి మళ్ళీ తెరిచి, కాపలా నియమాలు రాశాను. లైబ్రరీ కాగితం ప్రింటరు దాకా వెళ్ళొచ్చు, ల్యాబు కాగితం వెళ్ళకూడదు. ప్రిన్సిపాల్ గారు స్వయంగా ల్యాబులో కూర్చుని నొక్కి, పరుగున గదిలోకి వచ్చి చూసుకుని, ఏమీ రాలేదని స్థిమితపడ్డారు.

సమాజానికి పంచగా ఇంకా బోలెడు కాగితాలు మిగిలాయి. వెనక తెల్లగా ఉంది కదాని వాటిని పరీక్షలో రఫ్ పేపర్లుగా ఇచ్చాం. లెక్కల పరీక్ష సగంలో ఉండగా ఒక కుర్రాడు చెయ్యెత్తాడు.

“సార్, రొయ్యలు ఎంతమందికండి?”