సముద్రం వస్తోందన్న మనిషి పక్కన

ఆ వార్డు తలుచుకుంటే ముందుగా గుర్తొచ్చేది అక్కడి వెలుతురు. అరవైల చివర్లో విజయనగరంలో నేను నర్సింగు చదువుకున్న ఆసుపత్రి వెనక, వేపచెట్ల అవతల, పొడవాటి పెంకుటిల్లు ఒకటి ఉండేది. మతి చలించినవాళ్ళనీ, తాగుడు వల్ల ఒళ్ళు తెలియకుండా పోయినవాళ్ళనీ అందులో ఉంచేవాళ్ళు. కప్పులో అక్కడక్కడా గాజు పెంకులుండేవి. వాటిలోంచి దిగిన ఎండ నేల మీద పలచగా పరుచుకుని, మధ్యాహ్నమంతా మంచాల కిందుగా మెల్లగా జరుగుతూ పోయేది. పారాల్డిహైడ్ అనే నిద్రమందు వాసన ఎప్పుడూ గాలిలో ఉండేది. ఆ వాసన ఆ ఎండదేనేమో అనుకునేదాన్ని. లోపల అడుగు పెట్టగానే బయటి కాలం ఎక్కడో ఆగిపోయినట్టుండేది.

మాది సాలూరు దగ్గర పల్లె. వరీ, చోళ్ళనే రాగులూ పండించుకునే ఇల్లు. ఆ వార్డులో శిక్షణకి వేస్తున్నారని చెప్పగానే అమ్మ చెరుగుతున్న చేట కింద పెట్టేసింది.

"ఓలమ్మో, పిచ్చోల మద్దెనేటి! ఆల గాలి సోకితే నిన్నెవులు సేసుకుంటారే?"

"గాలికి వచ్చే జబ్బు కాదే అమ్మా" అన్నాను గానీ, నాకూ లోపల దడగానే ఉంది.

మాకు పాఠాలు చెప్పే సిస్టరు కేరళ నుంచి వచ్చిన మనిషి. సన్నగా, నిటారుగా ఉండేది. తెలుగు పుస్తకం చదువుతున్నట్టు మాట్లాడేది. మొదటి రోజు మందుల సంగతి ఎత్తలేదు. ఒక మంచం పక్కనున్న చెక్క కుర్చీ చూపించి, "ఇక్కడ కూర్చోవడం నేర్చుకో" అంది.

"వీళ్ళకు లేనివి కనిపిస్తాయి. ఉన్నాయని నువ్వు అనకూడదు, అది అబద్ధం. లేవని వాదించకూడదు, మనిషి ఒంటరి అయిపోతాడు. నువ్వెవరో చెప్పు. అతను ఎక్కడున్నాడో చెప్పు. పక్కన ఉండు."

"మరి ఇంకేం అనాలి సిస్టర్?"

"అది పుస్తకంలో లేదు."

వానలు మొదలైన రోజుల్లో, నౌపడ ఉప్పు మళ్ళలో పనిచేసే మనిషిని అతని భార్య రైల్లో తీసుకొచ్చింది. నలభై దాటిన మనిషి. ఉప్పునీళ్ళలో నాని పాదాలు తెల్లగా పగిలిపోయి ఉన్నాయి. సారా మీద నిషేధం ఉన్న రోజులే అయినా దొంగసారాకి కరువుండేది కాదు. ఏళ్ళ తరబడి తాగి, జ్వరం వచ్చి ఒక్కసారిగా మానేశాడు. అప్పటినుంచీ ఒళ్ళంతా వణుకు, నిద్ర లేదు, ఏవేవో కనిపిస్తున్నాయి.

"తాగితే ఓ బాద, మానేస్తే ఇంకో బాదేటి తల్లీ?" అని అతని భార్య నన్నే అడిగింది. చాలాకాలం తాగిన ఒళ్ళు ఒక్కసారిగా మానితే ఇలాగే తిరగబడుతుందని, సిస్టరు మాకు చెప్పినదే ఆమెకు చెప్పాను. ఆమె తలూపి, అతని పాదాల దగ్గర కూర్చుంది.

అతనికి మంచం కింద సముద్రం కనిపించేది. కాళ్ళు పైకి ముడుచుకుని, నేల మీద కదిలే ఎండ మరకల్ని చూసి "పోటొస్తన్నాది, పోటొస్తన్నాది" అనేవాడు. నేను కుర్చీలో కూర్చుని తడిగుడ్డతో నుదురు తుడుస్తూ, నోట్లో కొద్దికొద్దిగా నీళ్ళు పోస్తూ, "నేను నర్సుని, ఇది ఆసుపత్రి" అని చెబుతూ ఉండేదాన్ని. చెప్పి చెప్పి, ఒక్కోసారి నా కళ్ళకి కూడా ఆ ఎండ అలల్లా కదిలేది.

ఒక మధ్యాహ్నం ఆకాశం నల్లబడి పెద్ద వాన కురిసింది. సిస్టరు ఆఫీసుకి వెళ్ళింది. అతని భార్య అన్నం తేవడానికి వెళ్ళింది. పెంకుల మీద ఆ హోరు వినగానే అతను లేచి వరండాలోకి పరిగెత్తాడు.

"తూము ముయ్యండిరో! ఉప్పంతా పోతాది!"

వార్డులో పనిచేసే ఆయన, రోగుల్ని మంచానికి కట్టే గుడ్డపట్టీలు తీసుకుని లేచాడు. నేను ఆయన్ని ఆగమన్నట్టు చెయ్యి చూపించి, రోగి వెనకే వెళ్ళాను. అతను వరండా అంచున మోకాళ్ళ మీద కూర్చుని, పూలమడిలోని మట్టిని రెండు చేతులా తోడి పోస్తున్నాడు. పక్కన కూర్చున్నాను. హాస్టల్లో నేర్చుకున్న తెలుగు ఎటు పోయిందో, మా ఊరి మాటే వచ్చేసింది.

"బాబూ, నాను నర్సుని. ఇది ఇజీనారం ఆస్పత్రి. నాకు సముద్రం అగుపడ్డం నేదు. వాననీలు మాత్తరం వస్తన్నాయి."

అతను మట్టి పోస్తూనే అన్నాడు.

"వాననీలైతే ఏటి? ఉప్పు కరిగిపోదేటి?"

నిజమే మరి. పైగా నీళ్ళు నిజంగానే వరండా ఎక్కి లోపలికి వస్తున్నాయి. నేనూ మట్టి తీశాను. చోడి మళ్ళలో గట్లు వేసిన చేతులే. అతను పోస్తుంటే నేను అరచేత్తో అదిమాను. ఇద్దరమూ తడిసిపోయాం. గుమ్మం ముందు చిన్న గట్టు లేచింది. నీళ్ళు దాన్ని తాకి పక్కకి తిరిగి మెట్ల మీదుగా జారిపోయాయి. అతను చాలాసేపు దాన్నే చూసి, ఊపిరి వదిలి, మొదటిసారి నా మొహం కేసి చూసి అడిగాడు.

"నువ్వెవులి పిల్లవే అమ్మా?"

"సాలూరు కాడ రైతు పిల్లని బాబూ."

లోపలికి నడిపిస్తే వచ్చాడు. ఒళ్ళు తుడిచి, పొడిబట్టలు కట్టించి, మందు ఇచ్చాం. సాయంత్రందాకా కదలకుండా నిద్రపోయాడు.

సిస్టరు తిరిగొచ్చి, బురదలో ముంచి తీసినట్టున్న నా యూనిఫాం చూసింది.

"సముద్రం ఉందని చెప్పావా?"

"లేదు సిస్టర్."

"లేదని చెప్పావా?"

"నాకు కనిపించడం లేదని చెప్పాను. వాన మాత్రం ఉందన్నాను."

ఆమె ఆ గట్టు దగ్గర నిలబడి వానని చూసింది. తర్వాత "బట్టలు మార్చుకో, జలుబు చేస్తుంది" అంది, అంతే. మర్నాడు క్లాసులో మాత్రం, ఎవరి సంగతో చెప్పకుండా, అదంతా పాఠంలో ఉన్నట్టుగానే అందరికీ చెప్పింది. నేను తల దించుకుని కూర్చున్నాను.

తర్వాత అతని వణుకు తగ్గింది. భార్య చోడి అంబలి తాగిస్తే కడుపులో నిలిచింది. ఒక ఉదయం గోడకానుకుని కూర్చుని, తనకు కనిపించినదంతా నాకు చెప్పాడు.

"బయమేసింది గానీ అమ్మా, ఎంత తెల్లగుండేదో! ఉప్పు కుప్పలన్నీ ఒక్కపాలి లేసి కొంగలైపోయి ఎగిరేవి. అలాటిది మరి అగుపడదు."

"అగుపడకపోతే నీకు బెంగేటి?" అంది భార్య. ముగ్గురమూ నవ్వాం. కానీ అతని గొంతులో నిజంగానే ఏదో బెంగ ఉంది. తాగుడు మానినవాడు విషంతోపాటు ఇంకేదో కూడా వదులుకుంటాడని ఆ రోజు నాకు అర్థమైంది. వాళ్ళు వెళ్ళిపోయారు.

నా చదువు చివరి ఏడాది, ఎండలు ముదిరిన రోజుల్లో, అతను మళ్ళీ వచ్చాడు. ఒక్కడే వచ్చాడు. చేతులు వణుకుతున్నాయి గానీ మాట తేటగా ఉంది.

"మల్లీ తాగేసినానమ్మా. నిన్నే మానేసినాను. అవన్నీ అగుపడకముందే వచ్చేద్దారని రైలెక్కీసినాను."

తప్పు చేసినవాడిలా తలుపు దగ్గరే నిలబడ్డాడు. సిస్టరు మొహం విప్పారి, ఎవరినీ అంత ఆదరంగా పిలవగా నేను వినని గొంతుతో, "రండి, లోపలికి రండి, మంచి పని చేశారు" అంది. తానే వెళ్ళి కిటికీ పక్క మంచం మీద దుప్పటి పరిచింది.

నేను కుండలోంచి చల్లటి నీళ్ళు ముంచి తెచ్చాను. రెండు చేతులతో గ్లాసు పట్టుకుని, ఒక్క చుక్క ఒలకకుండా, అతను నెమ్మదిగా తాగాడు.